ఐలా పొగ విస్కీని రుచి చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లాండ్ పడమటి తీరాన ఐలా అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడ తయారయ్యే సింగిల్ మాల్ట్‌లలో (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీలు) చాలావాటికి ఘాటైన పొగ వాసన ఉంటుంది. మొదటిసారి మూత తీసిన మనవాళ్లలో ఎక్కువమంది మొహం చిట్లించి బాటిల్ పక్కన పెట్టేస్తారు. ఆ బాటిల్‌ను మళ్లీ చేతిలోకి తీసుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. స్నేహితులు, చుట్టాలు నన్ను ఏళ్లుగా అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యం తాగడానికి చట్టప్రకారం 21 ఏళ్లు నిండాలి. ఇది ఆ వయసు దాటినవాళ్లకే.

పీట్ అంటే ఏమిటి? బొగ్గా, మట్టా?

రెండింటికీ మధ్యలోది. ఎప్పుడూ తడిగా ఉండే నేలల్లో నాచు, గడ్డి, హెదర్ అనే చిన్న పొద చచ్చిపోయి, గాలి అందక పూర్తిగా కుళ్లకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. అదే పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందాన పెరుగుతుంది. అంటే మీటరు లోతు తవ్వితే దాదాపు వెయ్యేళ్ల కిందటి మొక్కలు పైకొస్తాయి.

తవ్వినప్పుడు అది నల్లగా, జిగటగా, పారకు అంటుకుపోతుంది. ఇటుకల్లా కోసి ఆరుబయట వారాల తరబడి ఆరబెడితే తేలికైన గోధుమరంగు పెళ్లలవుతాయి. ఎండిన పెళ్లను చేత్తో పట్టుకున్నప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది పిడక. అదే పీచు, అదే తేలికదనం. విరిస్తే లోపల ఎండిన వేళ్లు కనిపిస్తాయి. మండటం కూడా పిడకలాగే: మంట తక్కువ, పొగ ఎక్కువ, నిదానంగా రాజుకుంటూ చాలాసేపు ఉంటుంది.

ఐలాలో చెట్లు తక్కువ. కాళ్ల కింద మాత్రం ఎక్కడ చూసినా పీట్. అందుకే తరతరాలుగా వంట చేసుకున్నా, చలి కాచుకున్నా, బార్లీ ఆరబెట్టుకున్నా దాంతోనే. స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలో పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చి బొగ్గు మోసుకొచ్చాక చాలా డిస్టిలరీలు పీట్‌ను వదిలేశాయి లేదా బాగా తగ్గించాయి. ఐలా మాత్రం వదల్లేదు.

ఆ పొగ విస్కీలోకి ఎలా వస్తుంది? పొగ కలుపుతారా?

కలపరు. గింజకు పట్టిస్తారు.

బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. మన ఇళ్లలో రాగుల్ని మొలకకట్టి రాగిమాల్ట్ చేసుకోవడం లాంటిదే. మొలక వస్తే గింజలోని పిండి చక్కెరగా మారడానికి సిద్ధమవుతుంది. అక్కడితో మొలక ఆగాలంటే గింజను ఎండబెట్టాలి. మనకైతే డాబా మీద ఆరబోస్తే సరిపోతుంది. వాళ్లకు ఆ ఎండ లేదు కదా. చిల్లులున్న నేల మీద గింజల్ని పరిచి కింద పొయ్యి వెలిగిస్తారు. ఆ పొయ్యిలో పీట్ వేస్తే పొగ పైకెక్కి గింజ పొట్టుకు అంటుకుంటుంది. గింజ తడిగా ఉన్నప్పుడే పొగ బాగా పడుతుంది, అందుకే పీట్‌ను మొదటి గంటల్లోనే వేస్తారు.

ఆ తర్వాతంతా మామూలే. గింజను మరపట్టి, వేడినీళ్లలో కలిపి తీపి నీళ్లు తీసి, ఈస్ట్ వేసి పులియబెట్టి, రాగి బట్టీల్లో రెండుసార్లు కాస్తారు. ఆపైన ఓక్ పీపాల్లో పోసి దాస్తారు. 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, స్కాట్లాండ్‌లోనే, కనీసం మూడేళ్లు ఉండాలని చట్టం. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేస్తేనే సింగిల్ మాల్ట్.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పొట్టుకు అంటిన పొగ మన గ్లాసులోంచి లేచి ముక్కుకు తగలడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

మూత తీయగానే ఆస్పత్రి వాసన వస్తోంది. బాటిల్ పాడైందా?

పాడవలేదు. నేనూ మొదట అదే అనుకున్నాను. గ్లాస్గోలో మా బావ వాళ్లింట్లో ఒక చలికాలం రాత్రి, ఆయన నా చేతికి లఫ్రోయిగ్ అనే ఐలా విస్కీ, పదేళ్లది ఇచ్చాడు. వాసన చూసి, "బావా, ఇది చెడిపోయినట్టుంది, టింక్చర్ వాసనొస్తోంది" అన్నాను. ఆయన నవ్వి, "తాగొద్దులే. పది నిమిషాలు అలా పట్టుకుని కూర్చో, మాట్లాడుకుందాం" అన్నాడు. పది నిమిషాలయ్యాక మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంటే టింక్చర్ వెనక్కి తగ్గింది, దాని వెనక వెనిల్లా లాంటి తీపి వాసన నిలబడి ఉంది. ఆ రాత్రి ఒక చిన్న పెగ్గు తాగడానికి నాకు గంట పట్టింది.

ఆ వాసనకు కారణం ఉంది. పీట్ కాలినప్పుడు ఫినాల్ కుటుంబానికి చెందిన పదార్థాలు పుడతాయి. వాటిలో గ్వయకాల్ పొగ వాసన ఇస్తుంది. క్రెసాల్ మందుల వాసన ఇస్తుంది. పాత ఆస్పత్రుల్లో నేల తుడిచే నల్ల ఫినాయిల్‌లో ఉండే క్రెసాల్ ఇదే. ఇక ఫినాల్‌కే పాత పేరు కార్బాలిక్ ఆమ్లం. గాయాలు కుళ్లకుండా జోసెఫ్ లిస్టర్ అనే డాక్టర్ దాన్ని మొదట వాడింది 1865లో, గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో. అంటే మన ముక్కు పొరపడటం లేదు. ఆస్పత్రి వాసన, ఐలా వాసన నిజంగానే ఒక ఇంటివి.

పీపీఎం అంటే ఏమిటి? ఎక్కువ ఉంటే పొగ ఎక్కువేనా?

ఎండబెట్టిన బార్లీలో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లు ఫినాల్స్ ఉన్నాయో చెప్పే లెక్క. ఐలా డిస్టిలరీల్లో బోమోర్‌కు సుమారు 25, లగావూలిన్‌కు 35 చుట్టూ, లఫ్రోయిగ్‌కు 40 నుంచి 45, ఆర్డ్‌బెగ్‌కు 50 నుంచి 55. బ్రూక్‌లాడీ డిస్టిలరీ చేసే ఆక్టోమోర్ 80, 100 దాటిపోతుంది, 8.3 అనే విడుదలలో అది 309.1కి చేరింది.

ఈ అంకెల్ని చూసి బాటిల్ కొనకండి. ఎందుకంటే ఆ లెక్క బార్లీది, సీసాలోని విస్కీది కాదు. మరపట్టినప్పుడు పొట్టుతో కొంత, పులిసినప్పుడు కొంత, కాచినప్పుడు ఇంకొంత, పీపాలో ఏళ్ల తరబడి మరికొంత పోతూ ఉంటుంది.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ లగావూలిన్, కల్ ఈలా. రెండూ ఐలావే, ఒకే కంపెనీవి. రెండింటికీ బార్లీ 1973లో మొదలైన పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ నుంచే వస్తుంది, ఒకే 35 పీపీఎం ప్రాంతంలో. అయినా గ్లాసులో పోస్తే లగావూలిన్ చిక్కగా, ఎండు ద్రాక్ష తీపితో, బరువుగా ఉంటుంది. కల్ ఈలా పల్చగా, నిమ్మ తొక్క, సముద్రపు గాలి కలిసినట్టుంటుంది. తేడా అంతా బట్టీ ఆకారంలో, ఎంత నిదానంగా కాచారన్న దానిలో, ఏ ఘడియలో ఆపారన్న దానిలో ఉంది. కాచేటప్పుడు మొదట వచ్చేదాన్ని, చివర వచ్చేదాన్ని పక్కకు తీసి మధ్యలోదే పీపాకు పంపుతారు. బరువైన పొగ పదార్థాలు చివరి భాగంలోనే ఎక్కువగా దిగుతాయి. అక్కడ ఎంతసేపు ఆగారన్నదే పొగ ఘాటును సగం తేలుస్తుంది.

మొదటి బాటిల్‌గా ఏది తీసుకోవాలి?

నా సలహా: బాటిల్ కొనకండి. ముందు 30 మి.లీ. రుచి చూడండి, బార్‌లో అయినా, స్నేహితుల దగ్గరైనా. వేలకు వేలు పోసి కొని అల్మారాలో దుమ్ము పట్టించిన ఇళ్లు చాలా చూశాను.

ఆ తర్వాత బోమోర్ 12 ఏళ్లది (40 శాతం) లేదా కల్ ఈలా 12 (43 శాతం) మంచి గుమ్మాలు. పొగ ఉంటుంది, కానీ తలుపు మొహాన వేయదు. ఐలా పక్కనపెడితే, స్కై ద్వీపంలోని టాలిస్కర్ 10 (45.8 శాతం) కూడా ఇలాంటిదే, మిరియాల ఘాటుతో. అవి అలవాటయ్యాక లగావూలిన్ 16, ఆర్డ్‌బెగ్ 10, లఫ్రోయిగ్ 10. ఆక్టోమోర్‌తో మొదలుపెట్టకండి. అది మంచి విస్కీ కాదని కాదు, చాలా మంచిది. కానీ 55 శాతం దాటిన ఆల్కహాల్ నాలుకను మొద్దుబారిస్తే, అందులోని అందం మొదటిరోజు మీకు దొరకదు.

ఏ గ్లాసు వాడాలి?

కింద బొజ్జ, పైన మెడ సన్నగా ఉన్నది ఏదైనా. గ్లెన్‌కెయిర్న్ గ్లాసు అందుకోసమే చేసింది. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. వెడల్పాటి విస్కీ గ్లాసులో వాసన చెల్లాచెదురైపోతుంది. గ్లాసును సబ్బు వాసన లేకుండా వేడినీళ్లతో కడిగి ఆరనివ్వండి.

వాసన ఎలా చూడాలి? ముక్కు మండిపోతోంది.

అత్తరు వాసన చూసినట్టు ముక్కు లోపలికి దూర్చి గట్టిగా పీలిస్తే మండుతుంది. గ్లాసును ముందు గడ్డం దగ్గర పట్టుకోండి. నోరు కొద్దిగా తెరిచి ఉంచి మామూలుగా ఊపిరి తీసుకోండి. తర్వాత నెమ్మదిగా పైకి తీసుకురండి. నోరు తెరిస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కులో కూడుకోకుండా తగ్గుతుంది.

రెండోది, పొగకు ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. వంటింట్లో పోపు వేస్తున్నవాళ్లకు ఆ ఘాటు తెలియదు, బయటినుంచి వచ్చినవాళ్లే తుమ్ముతారు కదా. ఇక్కడ ఈ అలవాటే మనకు మేలు చేస్తుంది. రెండు మూడు నిమిషాలు పొగనే వాసన చూస్తూ ఉంటే ముక్కు దాన్ని పక్కన పెట్టేస్తుంది, వెనకున్నవి ఒక్కొక్కటే బయటపడతాయి: నిమ్మ తొక్క, పియర్ పండు, వెనిల్లా, తడి తాడు, ఉప్పుగాలి. పొగ విస్కీలో అసలు ఆనందం ఈ రెండో అంచెలోనే ఉందని నా నమ్మకం. మొదటి పొగ దగ్గరే ఆగిపోతే తలుపు దగ్గరే నిలబడి ఇల్లు చూశానన్నట్టే.

పుస్తకాల్లో చెప్పే వాసనలు నాకు తెలియవు. హెదర్ తేనె, సీ వీడ్ అంటే ఏమనుకోవాలి?

మీకు తెలిసిన వాసనల పేర్లు పెట్టండి. ఇది రాజీ మాత్రం కాదు, రుచి చూడటమంటేనే అది. వాసన గుర్తుపట్టడమంటే జ్ఞాపకాన్ని తడుముకోవడం. మీకు లేని జ్ఞాపకాన్ని ఎక్కడ తడుముకుంటారు?

మన ఇళ్లలో పొగకు కొరత లేదు. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, నిప్పుల మీద కాల్చి తొక్క తీసిన వంకాయ, కాల్చిన తేగ, సాంబ్రాణి, భోగి మంట మర్నాటి బూడిద, గుడిసె దూలానికి పట్టిన పొగచూరు, ఎండు చేపలు ఆరబెట్టిన ఇసుక. ఇవన్నీ వేర్వేరు పొగలు, వేర్వేరు వాసనలు. నా సొంత పుస్తకంలో ఆర్డ్‌బెగ్ 10 పక్కన "కాల్చిన పొత్తు మీద నిమ్మకాయ రుద్దినట్టు" అని రాసుకున్నాను. లగావూలిన్ 16 పక్కన "సాంబ్రాణి పొగ, ఖర్జూరం, పాత చెక్క బీరువా." లఫ్రోయిగ్ పక్కన "మోకాలు దోక్కుపోతే నాన్న రాసిన టింక్చర్, తర్వాత ఇచ్చిన బెల్లం ముక్క." వేరేవాళ్లకు ఇవి వింతగా ఉండొచ్చు. నాకు మాత్రం ఆ మూడు బాటిళ్లను కళ్లు మూసుకుని వేరు చేయడానికి ఇంతకంటే మంచి గుర్తులు లేవు.

తాగేటప్పుడు ఏం చేయాలి?

మొదటి చుక్క రుచి కోసం కాదు, నోటిని సిద్ధం చేయడానికి. పెదాలు, నాలుక తడిసేంత తీసుకుని మింగేయండి. మండుతుంది. అర నిమిషం ఆగండి. రెండోసారి చిన్న గుక్క తీసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పి, పది లెక్కపెట్టేదాకా ఉంచండి. ముందు తీపి, తర్వాత ఉప్పదనం, ఆపైన పొగ వస్తాయి. మింగాక నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదలండి. అప్పుడు గొంతు వెనకనుంచి బూడిద, మాడిన చక్కెర, ఒక్కోసారి కాఫీ పొడి వాసన తిరిగొస్తుంది. మంచి పొగ మాల్ట్‌లో ఆ వెనక వాసన ఐదు నిమిషాలైనా పోదు. అంతసేపూ ఇంకో గుక్క తీసుకోకండి.

నీళ్లు కలపొచ్చా? "రా"గా తాగితేనే మజా అంటారు.

కలపొచ్చు, కలపండి. రాగా తాగడం మగతనానికో, అనుభవానికో గుర్తు అన్న మాటను పట్టించుకోకండి. విస్కీ తయారుచేసేచోట రుచి పరీక్షించేవాళ్లే దాన్ని నీళ్లతో పల్చన చేసి వాసన చూస్తారు.

నీళ్లు ఎందుకు పనిచేస్తాయో కూడా కొంత తెలుసు. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన బియోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ లెక్కలతో ఒక విషయం చూపించారు. ఆల్కహాల్ ఎక్కువగా ఉంటే గ్వయకాల్ అణువులు ద్రవం లోపలే చిక్కుకుని ఉంటాయి. నీళ్లతో పల్చనయ్యేకొద్దీ ఆల్కహాల్‌తో పాటు అవీ పైభాగానికి చేరతాయి. పైకి వచ్చిందే కదా ముక్కుకు తగిలేది.

ఎలా కలపాలంటే, ముందు సగం పెగ్గును నీళ్లు కలపకుండా రుచి చూడండి. తర్వాత టీ స్పూన్‌తో నాలుగైదు చుక్కలు వేయండి. వేసేటప్పుడు గ్లాసును లైటుకు ఎదురుగా పట్టుకుంటే పంచదార పాకం కరుగుతున్నట్టు సన్నని తీగలు తిరుగుతూ కనిపిస్తాయి. అవి కలిసిపోయేదాకా ఆగి వాసన చూడండి. ఇంకొంచెం, ఇంకొంచెం. ఒక దగ్గర పొగ మెత్తబడి తీపి ముందుకొస్తుంది. అక్కడ ఆపేయాలి. 40 శాతం వాటికి చుక్కలు చాలు. 55 శాతం పైబడినవాటికి ఒకటి రెండు స్పూన్లు పట్టొచ్చు. క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్లు మాత్రం వద్దు, అప్పుడు మీరు చూసే మందుల వాసన విస్కీదో, కుళాయిదో తెలియదు.

ఐస్, సోడా, కోక్?

మీ డబ్బు, మీ గ్లాసు. కానీ రుచి చూద్దామని కూర్చున్నప్పుడు ఐస్ వద్దు. చల్లబడితే వాసనలు ముడుచుకుపోయి, చేదు, బూడిద మాత్రమే మిగులుతాయి. ఎండాకాలం సాయంత్రం కల్ ఈలాలో చల్లటి సోడా పోసుకుంటే మాత్రం చాలా బాగుంటుంది, అది వేరే తాగుడు. కోక్ పోస్తే పొగ తప్ప ఏదీ మిగలదు.

లఫ్రోయిగ్, లగావూలిన్, ఆర్డ్‌బెగ్ పక్కపక్కనే ఉంటాయట కదా, మరి అంత తేడా ఎందుకు?

ఐలా దక్షిణ తీరంలో పోర్ట్ ఎలెన్ ఊరి నుంచి బయల్దేరితే వరసగా ఈ మూడూ వస్తాయి. మొత్తం మూడు మైళ్ల నడక. వాటిని కలుపుతూ కాలిబాట కూడా ఉంది. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ 1815లో, లగావూలిన్ 1816లో మొదలయ్యాయని లెక్క.

పక్కపక్కనున్నంత మాత్రాన ఒకటి కాదని చెప్పే కథ ఒకటుంది. లగావూలిన్ యజమాని పీటర్ మెకీకి లఫ్రోయిగ్ లాంటి విస్కీ కావాలనిపించింది. 1908లో తన స్థలంలోనే మాల్ట్ మిల్ అని ఇంకో చిన్న డిస్టిలరీ కట్టించి, లఫ్రోయిగ్ పద్ధతినే అనుకరించాడు. 1962 దాకా అది నడిచింది. లఫ్రోయిగ్ రుచి మాత్రం రాలేదు.

ఈ మూడింట్లో నాకు అన్నిటికంటే దగ్గరైంది లఫ్రోయిగ్. కారణం రుచి ఒక్కటే కాదు. అక్కడ ఇప్పటికీ కొంత బార్లీని నేల మీద పరిచి, పారలతో తిరగేసి, తమ పీట్ పొగే పట్టిస్తారు. ఇంకో కారణం బెస్సీ విలియమ్సన్. 1934లో ఒక వేసవి టైపిస్టు ఉద్యోగానికని ఆ ద్వీపానికి వచ్చిన అమ్మాయి, యజమాని ఇయన్ హంటర్ చనిపోయాక 1954 నుంచి ఆ డిస్టిలరీనే నడిపింది, 1972 దాకా. మగవాళ్ల వ్యాపారమనుకునే ఈ ప్రపంచంలో, అన్నిటికంటే మొండి రుచి ఉన్న ఈ విస్కీని నిలబెట్టింది ఒక స్త్రీ.

రుచిలో తేడా సూటిగా చెప్పాలంటే: లఫ్రోయిగ్‌లో మందులు, ఉప్పు, చివర తీపి. లగావూలిన్‌లో చిక్కదనం, తీరిక. ఆర్డ్‌బెగ్‌లో పొగ ఎక్కువే అయినా నిమ్మజాతి పండ్ల తేలికదనం ఉంటుంది. అక్కడి బట్టీకి అమర్చిన ప్యూరిఫయర్ అనే గొట్టం బరువైన ఆవిరిని వెనక్కి పంపడం దానికి ఒక కారణం.

వయసు ఎక్కువైతే పొగ పెరుగుతుందా?

తగ్గుతుంది. పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ పొగ మెత్తబడి, చెక్క, పండ్ల రుచులు పైకొస్తాయి. ఘాటైన పొగే కావాలంటే చిన్న వయసువే మేలు. 48 శాతంతో వచ్చే లగావూలిన్ 8 తాగి చూడండి, 16 ఏళ్లదాని కంటే చురుగ్గా, గరుకుగా ఉంటుంది. వయసు ఎక్కువైనకొద్దీ ధర పెరుగుతుంది, అది వేరే సంగతి.

రంగు ముదురుగా ఉంటే మంచిదా?

రంగు చూసి ఏమీ చెప్పలేం. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఎండుగడ్డి రంగులో పాలిపోయినట్టుండే ఆర్డ్‌బెగ్ 10లో ఎంత పొగ ఉందో తాగినవాళ్లకు తెలుసు.

నీళ్లు పోస్తే మబ్బు పట్టినట్టయింది. కల్తీనా?

కాదు. సహజంగా ఉండే కొవ్వు, నూనె పదార్థాలు ఆల్కహాల్ తగ్గినప్పుడు లేదా చల్లబడినప్పుడు విడిపోయి మసకగా కనిపిస్తాయి. చాలా కంపెనీలు చల్లబరిచి వడకట్టి వాటిని తీసేస్తాయి. తీయనివాటిలో నోటికి నిండుదనం ఎక్కువని నా అభిప్రాయం.

మంచింగ్‌కి ఏం పెట్టుకోవాలి?

రుచి చూస్తున్నంతసేపు ఏమీ వద్దు, మంచినీళ్లు చాలు. తర్వాతైతే ఐలాలో పచ్చి ఆయిస్టర్ల మీద నాలుగు చుక్కల విస్కీ వేసుకుని తింటారు. ఘాటైన బ్లూ చీజ్, చేదు చాక్లెట్ కూడా బాగా కుదురుతాయి.

మన దగ్గర దొరికేవాటిలో నాకు నచ్చింది తాటిబెల్లం. గోలీకాయంత ముక్క నాలుక మీద సగం కరిగాక లగావూలిన్ ఒక గుక్క. బెల్లంలో ఉండే ఆ మాడు వాసన, విస్కీలోని పొగ ఒకదానికొకటి తోడవుతాయి. ఉప్పు తక్కువగా వేయించిన జీడిపప్పు, బొగ్గుల మీద కాల్చిన చేప మంచివే. చిల్లీ చికెన్, కారం చల్లిన పల్లీలు, ఉల్లిపాయ నిమ్మకాయ మిక్స్‌చర్ లాంటివి పెట్టుకుంటే మాత్రం నాలుక కారంతోనే నిండిపోతుంది. ఆ రోజు మామూలు విస్కీ తాగినా తేడా తెలియదు, డబ్బు వృథా.

పొగ విస్కీ ఐలాలోనే ఉంటుందా? మన దేశంలో చేయరా?

ఐలాలో కూడా అన్నిటికీ పొగ ఉండదు. బున్నహావన్ మామూలుగా చేసేది పొగ లేకుండానే. ఐలా బయట మల్ ద్వీపంలోని టోబర్మరీ డిస్టిలరీ లెడెగ్ పేరుతో పొగ మాల్ట్ చేస్తుంది. ఆర్క్‌నీలోని హైలాండ్ పార్క్‌లో హెదర్ ఎక్కువున్న పీట్ వాడతారు, ఆ పొగలో పూల తీపి ఉంటుంది, మందుల వాసన దాదాపు ఉండదు. ఏ మొక్కలు చచ్చి పీట్ అయ్యాయన్నదే పొగ వాసనను మారుస్తుంది.

మన దేశంలో బెంగళూరు అమృత్, గోవాలోని పాల్ జాన్ మంచి పొగ మాల్ట్‌లు చేస్తున్నాయి. అమృత్ ఫ్యూజన్‌లో మన బార్లీతో పాటు స్కాట్లాండ్ నుంచి తెప్పించిన పొగ బార్లీ కలుస్తుంది. పాల్ జాన్ బోల్డ్‌కు ఐలా పీట్ వాడతారు. రెండూ గర్వంగా గ్లాసులో పోయదగ్గవే. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏటా రెండు శాతం ఆవిరైతే, బెంగళూరులో పది శాతం పైనే పోతుంది. అందుకే మన మాల్ట్‌లు నాలుగైదేళ్లకే పండిపోతాయి. పొగ ఇంకా పడుచుగా ఉండగానే పండ్ల తీపి వచ్చేస్తుంది.

పీట్ తవ్వడం పర్యావరణానికి మంచిది కాదంటారు, నిజమా?

నిజమే. పీట్ నేలలు భూమి మీద సుమారు మూడు శాతమే ఉన్నా, వాటిలో దాగిన కార్బన్ ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదాని కంటే ఎక్కువ. ఏడాదికి మిల్లీమీటరు పెరిగేదాన్ని ఒక పూటలో మీటరు తవ్వేస్తున్నాం. విస్కీ కంటే తోటపనికి వాడే పీటే బాగా ఎక్కువ. అయినా ఇష్టంగా తాగేవాళ్లుగా మనకు ఈ బాధ్యత లేదనుకోకూడదు. తక్కువ పీట్‌తో ఎక్కువ పొగ పట్టించే పద్ధతుల్ని, దెబ్బతిన్న పీట్ నేలల్ని మళ్లీ తడిపి బాగుచేసే పనిని నేను మనసారా కోరుకుంటాను.

పేర్లు ఎలా పలకాలి?

ఇస్లే కాదు, ఐలా. లఫ్రోయిగ్‌లో రెండో అక్షరం దగ్గర ఒత్తు. లగావూలిన్‌లో "వూ" దీర్ఘం. బ్రూక్‌లాడీలో చివర "చ్" పలకదు. కిల్‌హోమన్ అనే ఇంకో ఐలా డిస్టిలరీ పేరులో, రాతలో కనిపించే "చ" నోట్లో "హ" అవుతుంది. ఇవన్నీ గేలిక్ అనే స్కాట్లాండ్ పాత భాషలోని పేర్లు. తప్పు పలికితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక కూర్చోవడంలో ఎంత?

రుచి చూడటానికి 20 మి.లీ. చాలు. రెండు మూడు రకాలు పోల్చాలనుకుంటే తక్కువ పొగది ముందు, ఎక్కువ పొగది చివర పెట్టుకోండి. తిరగేస్తే మొదటిది నోటిని కప్పేస్తుంది. మూడు దాటితే నాలుక చెప్పేది నమ్మలేం.

తాగాక బండి ముట్టుకోవద్దు. మన దేశంలో 100 మి.లీ. రక్తానికి 30 మిల్లీగ్రాములే హద్దు. ఐలాకు వెళ్లేవాళ్లకు కూడా ఇదే మాట. అక్కడ హద్దు 50. బండి నడిపేవాళ్లు అడిగితే చాలా డిస్టిలరీలు వాళ్ల వాటాను చిన్న సీసాలో పోసి ఇస్తాయి, రాత్రి బసకు వెళ్లాక తీరిగ్గా తాగొచ్చు.

మూడుసార్లు ప్రయత్నించాను, నచ్చలేదు. ఏం చేయను?

వదిలేయండి. కాకరకాయ నచ్చనివాళ్లు ఉన్నట్టే ఇదీ. పొగ నచ్చకపోతే మీ నాలుకలో లోపమేమీ లేదు. ఆ బాటిల్‌ను నచ్చేవాళ్లకు ఇవ్వండి.

తాగేసిన గ్లాసులో మర్నాడు కూడా వాసన వస్తోంది, ఎలా పోగొట్టాలి?

పోగొట్టే ముందు ఒక్కసారి ఆ వాసన చూడండి. రాత్రి తాగాక గ్లాసు కడగకుండా బల్ల మీద వదిలేయండి. పొద్దున్నే లేచి, కాఫీ తాగకముందు, ఎండిపోయిన గ్లాసులో ముక్కు పెట్టండి. ఆల్కహాల్ మొత్తం ఎగిరిపోయి ఉంటుంది కాబట్టి మంట ఉండదు, అడ్డం ఉండదు. గ్లాసు అడుగున గోధుమరంగు వలయం ఒకటి పల్చగా ఎండి ఉంటుంది. అక్కడినుంచి చల్లారిన పొయ్యి బూడిద వాసన, దాని కింద కొంచెం తేనె, కొంచెం ఉప్పు. మా అమ్మమ్మ ఇంట్లో తెల్లవారుజామున, ఇంకా ఎవరూ పొయ్యి రాజేయకముందు వంటింట్లో ఉండే వాసన అచ్చం అదే. ఆ తర్వాత వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే పోతుంది.